తప్పొప్పుల పట్టిక

మూడో పట్టిక, నాలుగో వరుసలో
పద్నాలుగు అని ఉన్నచోట
ఎనిమిది అని చదువుకోగలరు.

పత్రిక అచ్చేసింది ఇంతే.
వంద మాటలు దాటొద్దన్నారు.
నాకు పది సరిపోయాయి.
మిగిలినవి ఇక్కడ.

కెనెమా దాటాక ఎర్రమట్టి దారి చివర
లస్సా జ్వరం వార్డు.
పదకొండు మంచాలు. రాత్రి పదింటికి జనరేటర్ ఆగేది.
నాకప్పుడు ఇరవైమూడేళ్ళు.
సిస్టర్ బెయిందు రాసిన రిజిస్టరును
కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని:
బతికితే ఒకటి, లేకపోతే సున్నా.

ఆమె చేతిరాత మహా పొదుపు.
పన్నెండు గంటల డ్యూటీ, రెండు పొరల తొడుగుల్లో వేళ్ళు,
క్లోరిన్ నీళ్ళలో నానిన పెన్ను.
కొందరికి తారీఖు, వేళ, కారణం అన్నీ రాసింది.
ఆరుగురికి మాత్రం ఒకటే మాట:
పోయాడు. పోయింది. పోయాడు.

పోవడమంటే ఇంటికేగా అనుకున్నాను.
ఒకటి. ఒకటి. ఒకటి.
టీలో బిస్కెట్టు ముంచుకుంటూ
ఆరుసార్లు మీట నొక్కాను.
ఏ మందూ చేయని పని
నా చూపుడువేలు చేసింది.

దాంతో, ఆరో రోజు దాటాక మొదలెట్టినా
ఆ మందు పనిచేస్తుందని తేలింది.
బెర్గెన్‌లో ప్రొఫెసర్ హాల్వార్సెన్ గ్రాఫు గీసి
పైన నా పేరూ వేశారు, ఏడోది.
మా వీధి టైలరు ఫ్రేము కట్టించమన్నాడు.
కట్టించాను.

పదకొండేళ్ళు.

యట్టా అనే పిల్ల
థీసిస్ కోసం పాత అట్టపెట్టెలు దులుపుతూ
వచ్చి అడిగింది:
"సార్, ఇంటికెళ్ళే ప్రతివాళ్ళకీ
రెండు సబ్బులూ ఒక ఎలుకల బోనూ ఇచ్చి
వేలిముద్ర వేయించుకునేవారు కదా.
ఈ ఆరుగురివి ఏవీ?"

లేవు.
ఊదారంగు ముద్రల వరుసలో
ఆరుచోట్ల కాగితం రంగే.

ప్రొఫెసరుకి రాశాను. నెలకి జవాబొచ్చింది:
అంకె మారినా సారాంశం మారదేమో, మళ్ళీ చూద్దాం.
చూశారు. మంచి మనిషే.
రెండో ఉత్తరంలో ఒక్క మాట: మారుతుంది.

ఈలోగా మా పద్నాలుగుని నమ్ముకుని
నలభైమూడు వ్యాసాలు.
వాటిని నమ్ముకుని
ఎన్ని ఆస్పత్రుల గోడలకో అంటించిన సూచనలు.
ఏ ఊళ్ళోనో ఓ డాక్టరు
ఇంకా టైముంది, రెండ్రోజులు చూద్దాం అంటూ
ఎవరి మంచం పక్కనుంచి లేచి వెళ్ళాడో.
ఆ లెక్కకి పట్టిక లేదు.
దానికి సవరణ ఎక్కడికి పంపాలో
ఏ సంపాదకుడూ చెప్పలేదు.

వానల్లో సిస్టర్ బెయిందు దగ్గరికి వెళ్ళాను.
వసారాలో వేరుశనక్కాయలు ఒలుస్తోంది.
"నేను తప్పు రాయలేదు."
"లేదు సిస్టర్."
"ఆ వేళప్పుడు ఇంకో మాట రాయడానికి చెయ్యి రాలేదు."
కాసేపటికి తనే మొదలెట్టింది.
లహాయ్. బ్రిమా. తెన్నె. ముసలి కపిందీ.
మస్సా, ఆమె కడుపులోది,
"దాన్ని మీరు ఏ వరుసలోనూ వేయలేదు."
వజ్రాల గుంటల నుంచి వచ్చినవాడొకడు,
పేరు అడిగేలోపే మాట పడిపోయింది.

"ఈ పేర్లు వేశారా పత్రికలో?"
"వేయరు సిస్టర్. చోటుండదు."
తలూపింది. చేటలో పొట్టు ఊదింది.
కొంత నా చొక్కా మీద పడింది.

ఇంటికొచ్చి ఫ్రేము దింపాను.
గోడ మీద సున్నం నలుచదరంగా, కొత్తగా ఉంది.
అచ్చయిన సవరణ కింద
పెన్సిలుతో ఇంకొకటి చేర్చాను:

పోయారు అని ఉన్నచోట
పోయారు అని చదువుకోగలరు.